బండారులంక త్రోవలో క్లచ్చు ముచ్చట

అమలాపురమునుండి బండారులంకకు దూరము స్వల్పమే. అయినను చేతితో గేరు మార్చు కారులో పోవువారికి అది పలుమారులు ఆగి కదలవలసిన త్రోవ. ఎదుట ఆటోలు, సైకిళ్ళు, కొబ్బరికాయల బండ్లు. కోనసీమలో కొండలు లేవు గాని కాలువలు కలవు. పూర్వము పడవలు క్రిందుగా పోవుటకై వానిపై వంతెనలను ఎత్తుగా కట్టిరి. కావున ఈ సమభూమియందును ఎక్కుట దిగుట తప్పదు. క్లచ్చునకు పరీక్ష అచ్చటనే.

బండారులంక నేతచీరలకు పేరుగన్న గ్రామము. మగ్గముకడ నేతగాని పాదములను చూచిన సోదరీమణులకు ఈ సంగతి తేలికగా బోధపడును. ఆతడు తొక్కుడుచెక్కను పూర్తిగా అదుమును. పని తీరినంతనే విడుచును. సగము తొక్కినచో పడుగు తెరచుకొనక నాడె పోగులకు తగులును.

కారులోను అంతే. ఇంజనుతో తిరుగు బరువైన చక్రమును ఒక పలక ఒత్తుకొనియుండును. పెడలు తొక్కిన అవి విడును, వదలిన కలియును. పూర్తిగా కలిసియున్నపుడు అరుగుదల లేదు. సగము కలిసిన స్థితిలోనే రెండును వేర్వేరు వేగములతో ఒరసికొని వేడెక్కును.

వంతెన యెత్తున ముందు బండి ఆగినపుడు పలువురు బ్రేకు వేయక, క్లచ్చు సగము వదలి, ఇంజనును రొదపెట్టి బండిని అచ్చటనే నిలుపుదురు. కొంతసేపటికి కమరు వాసన వచ్చును. అది పొలములో గడ్డి కాల్చిన వాసన కాదు, పలకదే. చేతిబ్రేకు లాగి నిలువవలెను. కదలునపుడు క్లచ్చును మెల్లగా వదలుచు, బండి ముందుకు లాగుట తెలిసిన పిమ్మటనే బ్రేకు దింపవలెను. వెనుక సైకిలుపై బడికిపోవు బిడ్డ యుండవచ్చును. బండి మూరెడు జారినను ప్రమాదమే.

దారిపొడవునను ఎడమకాలిని పెడలుపై ఆనించియుంచుట మరియొక దురభ్యాసము. దానిచే పలక పట్టు సడలును, లోపలి బేరింగు ఊరక అరుగును. రొద పెరిగినను వేగము పెరగకున్న పలక అరిగినదనుకొనుడు. దానిని మార్చుటకు గేరుపెట్టెను దింపవలెను గనుక కూలి గృహిణి లెక్కలలో చిన్న అంకె కాదు.

“ఆడవారు నడిపి క్లచ్చు పాడుచేసిరి” అనుట మన యిండ్లలో పరిపాటి. ఒకే బండిని మామగారు, మగడు, కోడలు నడుపుదురు. అరుగుదల నాళ్ళతరబడి కూడినది. తుదకు నడిపినవారిపై నింద! ఆ మాటకు నొచ్చి కోడలు తాళపుచెవిని గోడకు తగిలించినచో, అత్తగారిని రాత్రివేళ ఆసుపత్రికి కొనిపోవుటకు మరల ఎవరికొరకో ఎదురుచూడవలసినదే. అంతకంటె, రద్దీలేని ఉదయమున ఆమెను వంతెనకడకు తీసికొనిపోయి, చేతిబ్రేకుతో పదిమారులు కదలింపజేసిన చాలును.