పాత కారూ, పొగ పరీక్షా

మన సంఘం పత్రికలో ఆవకాయ కలపడం గురించి వచ్చింది, ఇన్‌కమ్ టాక్స్ గురించి వచ్చింది, పిల్లలకి తెలుగు నేర్పడం గురించైతే సంచిక సంచికకీ వస్తూనే ఉంది. కారు సైలెన్సర్ గురించి మాత్రం ఎవరూ రాసినట్టు లేదు. మన ఊళ్ళలో సైలెన్సర్ అంటే కారు కిందనున్న గొట్టం మొత్తం. ఇక్కడ దానికి ముక్కముక్కకీ ఒక పేరుంది. ఆ ముక్కలతో ఈ మధ్య మాకు మూడు నెలలు సహవాసం కలిగింది. ఆ సంగతులు నలుగురికీ పనికొస్తాయని రాస్తున్నాం.

మేము అంటే మేమిద్దరం. ఒకరం కెమిస్ట్రీ, ఒకరం సివిల్ ఇంజనీరింగు. కారు 1988 మోడలు, జపాన్‌లో తయారైన ఆరు సిలిండర్ల స్పోర్ట్స్ కారు. కంపెనీ పేరు రాయడం లేదు. చూసినవాళ్ళకి తెలుసు, చూడనివాళ్ళకి అవసరం లేదు. 1991లో, ఒక్క జీతం మీద ఇల్లు గడుస్తున్న రోజుల్లో, ఆఫీసులో ఒకాయన ఊరు మారుతూ అమ్మేస్తే కొన్నాం. పిల్లలున్న సంసారికి రెండు తలుపుల కారేమిటని ఇండియా నుంచి ఉత్తరాల్లో చీవాట్లు వచ్చాయి. వెనక సీటు పేరుకే సీటు. మా అమ్మాయి అందులోనే కాళ్ళు ముడుచుకుని స్కూలుకి వెళ్ళింది, పదహారో ఏట అందులోనే గేర్లు వెయ్యడం నేర్చుకుంది.

ఆ అమ్మాయికే చిన్నప్పుడు ఆస్త్మా. శాన్ గాబ్రియల్ లోయలో 1980లలోనూ, 90ల మొదట్లోనూ కాపురమున్నవాళ్ళకి ఆ వేసవులు మరిచిపోదామన్నా మరుపు రావు. ఇంటికి ఉత్తరాన అంతెత్తు కొండలుండేవి, మధ్యాహ్నానికి మాయమయ్యేవి. స్మాగ్ అలర్ట్ అన్నరోజున పిల్లల్ని బళ్ళో బయట ఆడనిచ్చేవారు కాదు. రాత్రి రెండు గంటలప్పుడు పిల్లకి ఊపిరందక ఎమర్జెన్సీకి పరిగెత్తిన రోజులున్నాయి. పరిగెత్తింది ఈ కారులోనే. ఇప్పుడు మా మనవడికీ అదే జబ్బు, వాడి జేబులోనూ ఇన్‌హేలరు. కారంటే మాకు ప్రాణం. దాని వెనక నుంచి వచ్చేదంటే భయం. ఈ రెండూ ఒకే గరాజ్‌లో ముప్పై ఏళ్ళకి పైగా కలిసి ఉంటున్నాయి.

కాలిఫోర్నియాలో 1984 నుంచి స్మాగ్ చెక్ ఉంది. 1975, అంతకు ముందరి మోడళ్ళకి మినహాయింపు. 1976 నుంచి 1999 దాకా ఉన్న పెట్రోలు కార్లకి మాత్రం గొట్టంలో గొట్టం పెట్టి పొగ కొలుస్తారు. 2000, ఆ తరవాతి కార్లకి కంప్యూటరు తగిలించి చూస్తే సరిపోతుంది. మా ప్రాంతంలో పాత కారుని రోలర్ల మీదికి ఎక్కించి, 15 మైళ్ళ వేగంలో ఒకసారి, 25 మైళ్ళలో ఒకసారి నడిపి, మూడు వస్తువులు కొలుస్తారు: కాలకుండా మిగిలిన హైడ్రోకార్బన్లు, కార్బన్ మోనాక్సైడు, నైట్రిక్ ఆక్సైడు. ఇన్నేళ్ళూ మాది నెగ్గుతూనే వచ్చింది. ఈసారి మొదటి రెండూ బ్రహ్మాండంగా ఉన్నాయి. మూడోది ఉండవలసినదానికి దాదాపు రెట్టింపు. తప్పింది. నెగ్గితే గాని రిజిస్ట్రేషను రెన్యూ కాదు.

అమ్మాయికి ఫోనులో చెప్పాం. "అమ్మా, ఇంక దాన్ని గవర్నమెంటుకి ఇచ్చెయ్యండి. డబ్బిచ్చి తీసుకుని తుక్కు చేస్తారుట కదా" అంది. నిజమే, పరీక్ష తప్పిన కార్లని కొనే పథకం ఒకటి రాష్ట్రానికి ఉంది. ఇంకో మిత్రుడు, పేరు ఎందుకు లెండి, "ఇంత బాధెందుకండీ? నాకు తెలిసిన చోటుంది. నూరో రెండు నూర్లో పైన పడేస్తే మీ కారు బదులు వేరే కారు పొగ పట్టి సర్టిఫికెట్ ఇచ్చేస్తారు" అన్నారు. మన ఊళ్ళో రోడ్డు పక్క వ్యానులో పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకున్న అలవాటు కాబోలు. ఆయనకి కాఫీ ఇచ్చి పంపించాం. చట్టవిరుద్ధం అనే మాట అటుంచితే, ఆ పొగ పీల్చేది మనవడు. కాగితం మీద వాడికి ఊపిరాడదు కదా.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1943 జూలైలో లాస్ ఏంజెలెస్ మీద మంట పుట్టించే పొగ కమ్మితే, శత్రువులు విషవాయువు వదిలారేమోనని జనం బెదిరారట. యుద్ధకాలం మరి. ఆ పొగ పుట్టుక తేల్చినవాడు కాల్టెక్‌లో పనిచేసిన డచ్ రసాయన శాస్త్రవేత్త ఆరీ హాగెన్-స్మిట్. ఆయన అసలు పని అనాసపండు వాసనలో ఏముందో కనిపెట్టడం! ఆ పనిముట్లతోనే గాలిని పట్టి పరీక్షించి, 1950 ప్రాంతంలో, కార్ల నుంచీ ఫ్యాక్టరీల నుంచీ వచ్చే హైడ్రోకార్బన్లూ నైట్రోజన్ ఆక్సైడులూ ఎండలో కలిసి ఓజోను పుట్టిస్తున్నాయని చెప్పారు. నూనె కంపెనీలవాళ్ళు ఒప్పుకోలేదు, ఆయనా తగ్గలేదు. తరవాత రాష్ట్రపు ఎయిర్ రిసోర్సెస్ బోర్డుకి మొదటి అధ్యక్షుడు ఆయనే. మాలో కెమిస్ట్రీవారికి ఈయనంటే దేవుడితో సమానం.

మా కారు తప్పింది ఆ నైట్రోజన్ ఆక్సైడు దగ్గరే. ఇది పెట్రోలు సరిగా కాలక వచ్చేది కాదు, మరీ వేడిగా కాలితే గాలిలోని నైట్రోజనే మండి వచ్చేది. దాన్ని అదుపులో పెట్టడానికి ఈ కార్లో ముగ్గురున్నారు. మొదటివాడు ఈజీఆర్ వాల్వు. బయటికి పోయే పొగలో కొంచెం మళ్ళీ ఇంజనులోకి పంపి మంట వేడి తగ్గిస్తాడు. పొయ్యిలో మంట ఎక్కువైతే బూడిద చల్లినట్టు. రెండోవాడు ఆక్సిజన్ సెన్సరు. మూడోవాడు కెటలిటిక్ కన్వర్టరు. లోపల తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మె, దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. మొదటి రెండు లోహాలూ మిగిలిపోయినవాటిని కాలుస్తాయి, రోడియం నైట్రోజన్ ఆక్సైడుని విడగొట్టి మామూలు నైట్రోజన్ చేస్తుంది. సీసం తగిలితే ఈ పూత చచ్చిపోతుంది. అమెరికాలో 1975 మోడళ్ళ నుంచి సీసం లేని పెట్రోలు అందుకే వచ్చింది. ఇండియాలో 1995 ఏప్రిల్‌లో కొత్త కార్లకి కన్వర్టరూ, సీసం లేని పెట్రోలూ మొదలైంది నాలుగు మహానగరాల్లో. హైదరాబాదు వాటిలో లేదు, దేశమంతటా సీసం పోయేసరికి 2000 వచ్చింది.

సెన్సరు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలని ఉంది. ఇంత అందమైన వస్తువు బొటనవేలంత ఉండి, కారు కింద మసిలో బతుకుతుందంటే ఎవరూ నమ్మరు. జిర్కోనియా అనే పింగాణీతో చేసిన చిన్న తొడుగు, రెండు వైపులా ప్లాటినం పూత. లోపలి వైపు మామూలు గాలి, బయటి వైపు పొగ. 300 డిగ్రీల సెంటీగ్రేడు పైన వేడెక్కితే, రెండువైపులా ఆక్సిజన్‌లో ఉన్న తేడాని బట్టి కరెంటు పుట్టిస్తుంది. పెట్రోలు ఎక్కువైతే 0.9 వోల్టుల దాకా, గాలి ఎక్కువైతే 0.1. మధ్య రకం మాట దానికి రాదు. పప్పు రుచి చూసి "ఉప్పెక్కువ", "ఉప్పు తక్కువ" అనడం తప్ప "బాగుంది" అనని అత్తగారిలాంటిది. కంప్యూటరు పాపం కొత్త కోడలిలా ఒకసారి తగ్గిస్తుంది, ఒకసారి పెంచుతుంది. అలా అటూ ఇటూ ఊగుతూనే ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ళ గాలి దగ్గర నిలబడుతుంది. కన్వర్టరు మూడు పనులూ చెయ్యగలిగేది ఆ సన్నని ఇరుకులోనే. బాష్ కంపెనీ చేసిన ఈ సెన్సరు 1976లో వోల్వో కార్లలో మొదట వచ్చింది.

గ్లెండేల్ దగ్గర మాకు తెలిసిన మెకానిక్ ఒక అర్మీనియా పెద్దాయన. కారు చూడగానే కన్వర్టరు మార్చమంటాడనుకున్నాం. అనలేదు. "చివర ఉన్నది చివరే. ముందున్నవి చెడితే కొత్తది పెట్టినా చంపేస్తాయి" అన్నాడు. ఇంజను ఊరికే తిరుగుతూండగా చేతి పంపుతో ఈజీఆర్ వాల్వుకి వాక్యూమ్ పెట్టాడు. వాల్వు తెరుచుకుంటే ఇంజను తడబడి ఆగిపోబోవాలి. మా ఇంజను నిమ్మళంగా పాడుకుంటూ పోయింది. విప్పి చూస్తే వాల్వు బాగానే ఉంది, దాని అవతలి దారి నిండా రాయిలాంటి మసి. రెండు పూటలు గీకాం. చేతులు పది రోజులు నల్లగా ఉన్నాయి, ఆ ఆదివారం బంతి భోజనంలో ఎవరూ అడగనందుకు సంతోషించాం.

మళ్ళీ కొలిపిస్తే అంకె దిగింది గాని చాల్లేదు. అప్పుడు సెన్సరు. మా కారు సర్వీసు పుస్తకం ప్రకారం, 2,500 చుట్ల మీద ఇంజను తిరుగుతూంటే పది సెకన్లలో ఎనిమిదిసార్లయినా మీటరు ముల్లు ఊగాలి. మాది మూడుసార్లు ఊగి అలసిపోయింది. మరి చెక్ ఇంజన్ దీపం ఎందుకు వెలగలేదు? అప్పటి కంప్యూటరుకి సెన్సరు పూర్తిగా చస్తేనే తెలుస్తుంది, ముసలిదైతే తెలీదు. 1996 నుంచి తప్పనిసరి అయిన రెండోతరం వ్యవస్థలో కన్వర్టరు తరవాత ఇంకో సెన్సరు పెట్టి, మొదటివాళ్ళిద్దరి మీదా కాపలా వేశారు. మా కారుకి కాపలావాడు లేడు.

పాత సెన్సరు ఊడి రావడానికి ఒక రాత్రంతా నూనెలో నానాలి, పొద్దున్న ఇంజను వేడెక్కాలి, ఇద్దరం పాన పట్టుకు వేలాడాలి. కొత్తది బిగించేటప్పుడు మరలకి పూసే మందు కొనకి అంటకూడదు. దగ్గర్లో సిలికోన్ జిగురు వాడితే దాని ఆవిరికి కూడా సెన్సరు విషం తిన్నట్టయిపోతుంది. ఆ పని మీద ఉండగానే బానెట్ కింది స్టిక్కర్లో వాక్యూమ్ గొట్టాల పటం చూసుకుంటూ, బీటలిచ్చిన రబ్బరు గొట్టాలన్నీ మార్చాం. ఏ గొట్టం ఎవరికి ఏమవుతుందో ఆ పటంలో తెలుసుకోవడం, పెళ్ళిలో పెత్తల్లి ఆడబిడ్డ తోడికోడలు మనకేమవుతుందో తెలుసుకోవడం కన్నా కష్టం.

ఆఖరికి కన్వర్టరు కూడా మార్చక తప్పలేదు, ముప్పై ఏళ్ళు దాటిన రోడియం అది. కంపెనీవారు ఈ మోడలుకి చెయ్యడం ఎప్పుడో మానేశారు. వేరేవాళ్ళు చేసినదైతే, మన రాష్ట్రం అనుమతించిన నంబరు దాని మీద చెక్కి ఉండాలి. పక్క రాష్ట్రంలో చవగ్గా దొరికేది ఇక్కడ చెల్లకపోవచ్చు. సెన్సరు ఖరీదు నలుగురం ఒకపూట హోటల్లో తిన్నంత. కన్వర్టరుది ఇండియాకి ఒక టిక్కెట్టంత. ఆరు వారాలు ఆగాం.

ఈలోగా అమ్మాయి రెండుసార్లు వచ్చింది. రెండోసారి మనవడు కారు కిందికి టార్చి వేసి చూసి, "ఇది ఎందుకుంది తాతా?" అని ఒక్కొక్క ముక్కా అడిగాడు. చెప్పాం. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి విని, "పాసైతేనే ఉంచండి. కాకపోతే నేనే తీసుకెళ్ళి ఇచ్చేస్తాను" అంది. ఒప్పుకున్నాం. ఒప్పుకోవడం తేలిగ్గా లేదు. పరీక్షనాడు ముగ్గురం వెళ్ళి గాజు కిటికీ వెనక కూర్చున్నాం, ఎస్.ఎస్.సి. ఫలితాలకి కూర్చున్నట్టు. నైట్రిక్ ఆక్సైడు హద్దులో సగం కూడా లేదు. అమ్మాయి ఆ కాగితం తన బ్యాగులో పెట్టుకుంది.

కన్వర్టరుకి కింద ఉక్కు కవచం వేయించాం. 2021లో రోడియం ఔన్సు 20,000 డాలర్లు దాటిన రోజుల్లో మనవాళ్ళ ఇళ్ళ ముందు కార్ల కింద నుంచి ఎన్ని కోసుకుపోయారో మీకు చెప్పక్కర్లేదు. తరవాత రాష్ట్రం చట్టాలు బిగించింది గాని, కవచం ఉంటే మనకీ నిద్ర పడుతుంది.

పాత కార్లున్నవారికి ఒక మాట. రోలర్లున్న పరీక్షా కేంద్రాలు అన్నిచోట్లా ఉండవు, ముందు ఫోను చేసి వెళ్ళండి. ఎంత వెతికినా విడిభాగం దొరక్కపోతే స్మాగ్ చెక్ రిఫరీ అని ఒకరుంటారు, వారి దగ్గరికి వెళ్ళండి. ఈజీఆర్ చూసుకోదలచినవారికి చేతి వాక్యూమ్ పంపు మా దగ్గర ఉంది, ఆదివారం పదింటి తరవాత వచ్చి పట్టుకెళ్ళవచ్చు. పోయినేడు ఇచ్చిన ఇడ్లీ పాత్రలా కాకుండా తిరిగి తెచ్చివ్వాలని మనవి.