నాన్న కారుకి రెండు గుండెలు

మా పెరట్లో నీళ్ల తొట్టి పక్కన, రేకుల పంచ కింద ముప్పయ్యారేళ్లుగా ఒక మూట ఉండేది. లోపల గోనెసంచులు, పైన పాత టార్పాలిన్, చుట్టూ కొబ్బరితాడు. చిన్నప్పుడు దాగుడుమూతలాడితే నేను దాక్కునేది దాని వెనకే. సంక్రాంతికి ఇల్లు దులిపిన ప్రతిసారీ అమ్మది ఒకటే మాట: "ఏవండీ, ఈ ఇనుము అమ్మేస్తే రెండు స్టీలు బిందెలైనా వస్తాయి కదా!" నాన్న విననట్టే ఊరుకునేవాడు.

ఆ మూటలో ఉన్నది కారు ఇంజన్. ఎవరిదో కాదు, మా కారుదే.

నాన్న రాజమండ్రిలో టాక్సీ నడిపేవాడు. బండి 1973 మోడల్ అంబాసిడర్, మార్క్ టూ. 1985లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. అప్పటికది పెట్రోలు బండి. ఆ రోజుల్లో డీజిల్ ధర పెట్రోలు ధరలో సగం కూడా ఉండేది కాదు. స్టాండులో పక్క బళ్లు ఒక్కొక్కటే డీజిల్‌కి మారిపోతుంటే, పెట్రోలు బండి పెట్టుకుని అదే కిరాయికి వెళ్తే చేతిలో మిగిలేది మసిగుడ్డే. 1988లో నాన్న విజయవాడ ఆటోనగర్ వెళ్లి, యాక్సిడెంట్లో నుజ్జయిన ఇంకో అంబాసిడర్‌లోంచి తీసిన డీజిల్ ఇంజన్ కొనుక్కొచ్చాడు. షెడ్డులో చైన్ కప్పీ కట్టి పెట్రోలు ఇంజన్ దించారు, డీజిల్‌ది ఎక్కించారు. ఆర్టీవో ఆఫీసుకెళ్లి ఆర్సీ పుస్తకంలో కూడా మార్పించుకున్నాడు. దించినదాన్ని మాత్రం అమ్మలేదు. గ్రీజు పట్టించి, మూటకట్టి, పెరట్లో పెట్టాడు.

ఆ డీజిల్ ఇంజన్ 1,489 సీసీ. పవర్ ఎంతో తెలుసా? 37 హెచ్‌పీ. ఇప్పుడు మీ ఫ్రెండ్ నడిపే 390 సీసీ బైకు ఇంతకంటే ఎక్కువే ఇస్తుంది. అంత చిన్న బలంతో, అయిదారుగురు మనుషుల్నీ సామాన్నీ వేసుకుని మారేడుమిల్లి ఘాట్ ఎక్కేది. సెకండ్ గేర్లో, నల్లటి పొగతో, నెమ్మదిగా. అక్క పెళ్లి ఆ ఇంజన్ మీదే జరిగింది. నా ఇంజనీరింగ్ ఫీజులూ దాని మీదే కట్టాం. 2009లో నాన్న టాక్సీ బోర్డు తీసేసి, దాన్ని సొంత బండిగా మార్పించాడు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది గానీ మా ఇంట్లో మాత్రం ఆగలేదు.

కిందటేడు నాకో ఆలోచన వచ్చింది. హైదరాబాద్‌లో ఆఫీసు క్యాబ్‌లో కూర్చుని ఏదో వింటేజ్ ర్యాలీ రీల్ చూస్తున్నాను. నిగనిగలాడే పాత కార్లు, వాటికి ప్రత్యేకమైన నంబర్ ప్లేట్లు. వెతికితే తెలిసింది: 2021లో కేంద్రం కొత్త రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్లు దాటిన బండికి వింటేజ్ కింద మళ్లీ రిజిస్ట్రేషన్ ఇస్తారు. రాష్ట్రం కోడ్ పక్కన 'వీఏ' అనే అక్షరాలతో నంబర్. ఫీజు 20,000 రూపాయలు. మా కారుకి యాభై దాటాయి! ఆ ప్లేటు పక్కన నాన్న నిలబడితే ఫొటో ఎలా ఉంటుందో ఊహించేసుకున్నాను. క్యాప్షన్ కూడా రాసేసుకున్నాను.

అయితే ఒక షరతు ఉంది. బండి అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో పెద్ద మార్పులు చేసుండకూడదు. అంటే డీజిల్ ఇంజన్ పోవాలి, పెరట్లో మూట విప్పాలి. అప్పటికి నేను చదివింది సగం రూలే. మిగతా సగం తర్వాత చెప్తాను.

ఫోన్ చేసి నాన్నకి చెప్పాను. "నాన్నా, అసలు ఇంజన్ పెట్టేద్దాం."

అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత "నువ్వొచ్చాక చూద్దాంలే" అన్నాడు. డీజిల్ ఇంజన్ తీయడం ఇష్టం లేదేమో అనుకున్నాను. ముప్పయ్యారేళ్లు అన్నం పెట్టిన ఇంజన్ కదా.

వెళ్లేలోపు ఈ 'అసలు' సంగతేంటో తెలుసుకుందామని రాత్రుళ్లు కూర్చున్నాను. తవ్వేకొద్దీ నవ్వొచ్చింది. ఎందుకంటే మనం అసలు అనుకునే ఆ పెట్రోలు ఇంజన్ కూడా అంబాసిడర్‌తో పుట్టింది కాదు!

అంబాసిడర్ అంటే ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ. 1950ల చివర్లో కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారీ మొదలైంది. మొదట్లో దానికి పెట్టింది పాత సైడ్ వాల్వ్ ఇంజన్, 1,476 సీసీ. 1959లో దాన్ని తీసేసి 1,489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్ పెట్టారు. అంటే ఇంజన్ మార్పిడి అనే పని మా నాన్న కంటే ముందు కంపెనీయే చేసేసింది.

పోనీ ఆ 1,489 సీసీ ఇంజన్ అయినా మోరిస్ సొంతమా? అదీ కాదు. అది 'బి సిరీస్'. మోరిస్‌కి బద్ధ పోటీదారైన ఆస్టిన్ కంపెనీ వంశంలోది. 1947 నాటి ఆస్టిన్ 1,200 సీసీ ఇంజన్ దాని పూర్వీకురాలు. 1952లో రెండు కంపెనీలూ కలిసిపోయి బీఎంసీ అయ్యాక, నిన్నటిదాకా ఎదురింటివాళ్లైన ఆస్టిన్ ఇంజన్ మోరిస్ కారులోకి కోడలిగా వచ్చింది. మన అంబాసిడర్ గుండెకి ఇంటిపేరు ఎప్పుడో మారిపోయిందన్నమాట.

ఈ ఇంజన్ చుట్టాల లిస్టు చూస్తే ఇంకా ఆశ్చర్యం. 1955లో వచ్చిన ఎంజీఏ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తెలుసా? గూగుల్ చేసి చూడండి, కళ్లు తిప్పుకోలేరు. దాని ఇంజన్ కూడా ఇదే 1,489 సీసీ బి సిరీస్. రెండు కార్బురేటర్లు పెట్టి, ట్యూన్ చేసి 70 హెచ్‌పీ దాకా లాగారు. అమెరికాలో నాష్ మెట్రోపాలిటన్ అనే బుజ్జి కారులోనూ ఇదే. జపాన్‌లో నిస్సాన్ వాళ్లు ఆస్టిన్ దగ్గర లైసెన్స్ తీసుకుని ఇదే ఇంజన్ తయారుచేశారు. తర్వాత తమ చిన్న కారుకి చిన్న ఇంజన్ కావాల్సొచ్చింది. డొనాల్డ్ స్టోన్ అనే అమెరికన్ ఇంజనీర్ సలహా మీద కొత్తది గీయకుండా, ఇదే ఇంజన్ స్ట్రోక్‌ని 88.9 మిల్లీమీటర్ల నుంచి 59కి తగ్గించారు. 988 సీసీ ఇంజన్ తయారైంది. 1957 నాటి డాట్సన్ కారు దానిమీదే నడిచింది. రాజమండ్రి టాక్సీ స్టాండులోని బండికి లండన్‌లో, న్యూయార్క్‌లో, టోక్యోలో మేనత్త కొడుకులు!

ఇక పాత కార్ల పిచ్చివాళ్లయితే ఈ చుట్టరికాన్ని బాగా వాడుకుంటారు. ఎంజీబీలో వచ్చే 1,798 సీసీ ఇంజన్ కూడా బి సిరీస్ కుటుంబమే. అందుకే ఇంగ్లండ్‌లో పాత ఎంజీఏలకి దాన్ని ఎక్కించేస్తుంటారు. ఎంజీబీ ఓనర్లు అక్కడితో ఆగలేదు, వీ8 కావాలన్నారు. కెన్ కాస్టెల్లో అనే ఆయన రోవర్ కంపెనీ అల్యూమినియం వీ8ని అందులో పెట్టి చూపించాడు. 1973లో ఎంజీ కంపెనీయే అలాంటి మోడల్ దించింది. ఆ రోవర్ ఇంజన్ కూడా రోవర్‌ది కాదండోయ్! 1961లో అమెరికాలో బ్యూక్ కోసం పుట్టింది. అక్కడ వద్దనుకుంటే రోవర్ హక్కులు కొనుక్కుంది. మన దగ్గర కూడా కాంటెస్సా కారు 1984లో అంబాసిడర్ ఇంజన్‌తోనే వచ్చింది. అంత పెద్ద బాడీని ఆ ఇంజన్ లాగలేకపోయేది. తర్వాత జపాన్ ఇసుజు 1.8 లీటర్ ఇంజన్ పెట్టాక ఊపిరొచ్చింది. అదే ఇసుజు తొంభైల్లో అంబాసిడర్‌లోకీ వచ్చింది.

ఇదంతా చదివాక నాకొక సందేహం పట్టుకుంది. అందరూ అప్పు తెచ్చుకున్న గుండెలతోనే నడుస్తుంటే, ఇక అసలంటే ఏది?

ఊరెళ్లాను. నాన్న బీరువాలోంచి పాత ఆర్సీ పుస్తకం తీశాడు. అందులో పెట్రోలు ఇంజన్ నంబర్ మీద ఎర్రసిరా గీత, దాని పక్కన డీజిల్ ఇంజన్ నంబర్, స్టాంపు, సంతకం. పెరట్లోకెళ్లి మూట విప్పాం. ఎండిన గ్రీజు కిరోసిన్‌తో తుడిస్తే బ్లాకు మీద రేకు బయటపడింది. నేను ఫోన్ టార్చి వేశాను. నాన్న ఒక్కో అంకె వేలితో తడుముతూ చదివాడు. ఎర్రగీత కిందున్న నంబరే.

అప్పుడు చెప్పాను, ఆలోపు చదివిన మిగతా సగం రూలు. "కానీ నాన్నా, ఆ వీఏ నంబర్ తీసుకుంటే రోజూ తిప్పకూడదట. ర్యాలీలకీ, ఎగ్జిబిషన్లకీ, రిపేరుకీ, పెట్రోలు కొట్టించుకోడానికీ మాత్రమే రోడ్డెక్కాలట."

నాన్న నా వైపు చూశాడు. "అంటే మీ అమ్మని అన్నవరం తీసుకెళ్లకూడదా?"

"అలాగే ఉంది."

"మరి అది కారెందుకవుతుందిరా?"

నా ఫొటో, నా క్యాప్షన్ అక్కడే ఆగిపోయాయి. నేను ఫోన్ జేబులో పెట్టుకుని, టార్పాలిన్ మళ్లీ కప్పబోయాను. నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"నంబర్ వద్దులే. ఇంజన్ మాత్రం పెడదాం."

నాకర్థం కాలేదు. "నీకు డీజిల్‌దంటేనే ఇష్టం అనుకున్నానే?"

"ఇష్టమని ఎవరు చెప్పార్రా? ఆ రోజు కప్పీతో దీన్ని దించుతుంటే చూళ్లేక టీ కొట్టుకి వెళ్లిపోయాను. ఎంత మెత్తగా నడిచేదనుకున్నావ్! రెండేళ్లు నాలుగు డబ్బులు చూసుకుని మళ్లీ పెట్టేద్దామనుకున్నా. అక్క పుట్టింది, నువ్వు పుట్టావు. ఇల్లు, చదువులు, పెళ్లి. అవ్వలేదు."

అమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. ఆ రోజు బిందెల మాట ఎత్తలేదు.

ముందు ఆర్టీవో అనుమతికి అప్లికేషన్ పెట్టాం. ఇంజన్ మార్చాలంటే ఈ పని తప్పనిసరి, ఆర్సీలో ఎక్కకపోతే రేపు ఇన్సూరెన్స్ దగ్గరా చిక్కే. అనుమతి వచ్చాక షెడ్డుకి తీసుకెళ్లాం. 1988లో ఈ షెడ్డులో స్పానర్లు అందించిన కుర్రాడే ఇప్పుడక్కడ మేస్త్రి. ఇంజన్ తిరగలేదు, పిస్టన్లు పట్టేశాయి. బోర్లలో ఆయిలు పోసి వారం వదిలేస్తే, ఎనిమిదో రోజు హ్యాండిల్‌కి ఒక్క ఇంచీ కదిలింది. తర్వాత బోరింగ్ పని, కొత్త పిస్టన్లు, బేరింగులు. వాటికోసం మూడు ఊళ్లు తిరిగాను.

హెడ్ విప్పిన రోజు మేస్త్రి నన్ను పిలిచాడు. "అబ్బాయ్, ఇలా రా, చూడు." హెడ్ తిరగేసి మసి గోకాడు. పెట్రోలు మండే గదులు నాలుగూ అచ్చం గుండె బొమ్మ ఆకారంలో ఉన్నాయి. వాట్సాప్‌లో పంపుకుంటామే, అలాగ. హ్యారీ వెస్లేక్ అనే ఇంగ్లిష్ ఇంజనీర్ గీసిన డిజైన్ అది. పెట్రోలూ గాలీ బాగా కలిసి శుభ్రంగా మండాలని ఆ ఆకారం.

"మరి డీజిల్‌ది పరాయిదా బాబాయ్?" అడిగాను.

"పరాయిదెక్కడిది! ఇదీ అదీ ఒక తల్లి పిల్లలే. అప్పుడు అన్నని దించి తమ్ముణ్ని ఎక్కించాం. ఇప్పుడు తమ్ముడికి రెస్టు."

స్టార్ట్ చేసిన రోజు సాయంత్రం. మేస్త్రి కార్బురేటర్ దగ్గర, నేను సీట్లో, నాన్న బానెట్ పక్కన. మొదటిసారి సెల్ఫ్ కొడితే దగ్గింది. రెండోసారి తుమ్మింది. నాలుగోసారి అందుకుంది. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. డీజిల్‌లా అదరడం లేదు, అద్దాలు గలగలలాడటం లేదు. కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు మెత్తటి చప్పుడు.

నాన్న మా ఇద్దరి వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఏరా, స్టార్టవలేదా?"

ముప్పయ్యేళ్ల పైగా డీజిల్ మోత పక్కన కూర్చున్న చెవులు. ఈ మధ్య టీవీ సౌండు పెంచమంటుంటే వయసనుకున్నాం. ఏ మెత్తదనం కోసం ఇన్నేళ్లు ఆ మూట దాచాడో, ఆ మెత్తదనం ఇప్పుడాయనకి వినిపించడం లేదు.

నేను దిగి, ఆయన చెయ్యి పట్టుకుని మడ్‌గార్డ్ మీద పెట్టాను. అరచెయ్యి అక్కడే ఉంచి కళ్లు మూసుకున్నాడు. కొంచెంసేపటికి తల ఆడించాడు.

"అదే," అన్నాడు. "అదేరా."

పోయిన కార్తీకంలో అమ్మని అన్నవరం తీసుకెళ్లాం. నాన్నే నడిపాడు. పెట్రోలు బంకులో బిల్లు చూసి మాత్రం పాత టాక్సీ డ్రైవర్ నిద్రలేచాడు. "అమ్మో, ఇందుకే కదరా దించింది!" అన్నాడు.

డీజిల్ ఇంజన్‌ని అమ్ముతారా అని మేస్త్రి అడిగాడు. నాన్న కంటే ముందు నేనే వద్దన్నాను. నా డిగ్రీ దాని మీద వచ్చింది, ఇనుము రేటుకి ఎలా ఇస్తాం? గ్రీజు పట్టించి, గోనెసంచులు చుట్టి, రేకుల పంచ కింద అదే చోట పెట్టాం.

అమ్మ చూసి నెత్తి కొట్టుకుంది. "ఒకటి పోయిందిరా దేవుడా అనుకుంటే, ఇంకోటి వచ్చింది!"