పడవ తప్పింది... పెదనాన్న దొరికాడు!

శ్రీకూర్మం నుంచి అండమాన్‌కి ఓ జంట విహారం. చేతిలో నాలుగు రోజులు, కాగితం మీద గంటల లెక్కన ప్రణాళిక. సముద్రానికి ఆ కాగితంతో పనేముంది?

'కనుమ నాడు కాకైనా కదలదు' అని సామెత. శ్రీకూర్మంలోని ఆ ఇంట్లో మామ్మ ఆ మాట మూడుసార్లు గుర్తుచేసింది. ఏం లాభం? కనుమనాటి విమానం టికెట్టు మర్నాటి టికెట్టు కన్నా చవగ్గా దొరికింది. మనవడూ మనవరాలూ చవకనే నమ్ముకున్నారు. ఆ తర్వాత దారిలో ఏం జరిగినా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని 'కాకి' అనుకోవడమే!

ఆయన బళ్లో సైన్సు మాస్టారు. ఆమె శ్రీకాకుళంలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. పెళ్లై నాలుగేళ్లు. మొక్కులకు తప్ప ఇద్దరూ కలిసి ఊరు దాటింది లేదు. అండమాన్ వెళ్దామన్నది ఆమె. అక్కడ సముద్రం అడుగుకి దిగాలన్నదీ ఆమే. ఈత రానిదీ ఆమెకే!

ఆ కోరిక వెనక ఊరుంది. గార మండలంలోని శ్రీకూర్మం కూర్మావతారానికి గుడి ఉన్న చోటు. స్వామి పడమటి వైపు చూస్తుంటాడు. గుడికి ఒకటి కాదు, రెండు ధ్వజస్తంభాలు. ఆవరణలో వీపుల మీద చుక్కల ముగ్గులేసుకున్నట్లుండే నక్షత్ర తాబేళ్లు తిరుగుతుంటాయి. ఆకుకూర నములుతూ, ఒక్కో అడుగే వేస్తూ... తాబేలంటే నెమ్మది అని ఆ ఊరి పిల్లలకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. అక్కడికి సముద్రమూ దగ్గరే. చలికాలం వచ్చిందంటే ఆ తీరానికి గుడ్లు పెట్టేందుకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. వలల్లో చిక్కి, ఊపిరాడక చచ్చిపోయినవీ ఒడ్డుకు కొట్టుకొస్తాయి. తాబేలు నీళ్లలో ఉన్నా గాలి పీల్చడానికి పైకి రావాల్సిందే కదా! చిన్నప్పుడు ఆమె ఇసుకలో చూసినవన్నీ అలాంటివే. గుళ్లో నడిచే తాబేలు, తీరంలో చచ్చిన తాబేలు... ఈదే తాబేలు మాత్రం టీవీలోనే. అది కళ్లారా చూడాలన్నదే ఆమె పంతం.

ప్రణాళిక మాస్టారిది. మొదటిరోజు ఉదయం పోర్ట్‌బ్లెయిర్‌లో దిగడం, మధ్యాహ్నం పడవలో హేవ్‌లాక్. రెండోరోజు పొద్దున్నే స్కూబా. మూడోరోజు రాధానగర్ బీచ్, సాయంత్రం తిరుగు పడవ. నాలుగోరోజు పొద్దున విమానం. ఎక్కడా గంట ఖాళీ లేదు. పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంటున్న ఆమె పెదనాన్న కోసం మూడోరోజు రాత్రి మాత్రం గంటంటే గంట కేటాయించారు. అదీ, ఊళ్లో అడుగుతారని!

పేర్ల సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. పోర్ట్‌బ్లెయిర్ 2024 సెప్టెంబరు నుంచి శ్రీవిజయపురం. హేవ్‌లాక్ 2018 డిసెంబరు నుంచి స్వరాజ్ ద్వీపం, నీల్ దీవి షహీద్ ద్వీపం. ఆటోవాళ్లు మాత్రం ఇంకా పాత పేర్లతోనే పిలుస్తారు. టికెట్ల మీద ఏది ఉంటుందో చెప్పలేం. రెండూ గుర్తుంచుకుంటే చిక్కుండదు.

రేవు మారింది

విశాఖ నుంచి చెన్నై, అక్కడ రాత్రంతా కుర్చీల్లో కునికిపాట్లు, తెల్లవారుజామున మళ్లీ విమానం. రెండు గంటలు దాటాక కిటికీలోంచి పచ్చటి దీవులు. ఇంతవరకూ బాగానే ఉంది. దిగాక చూస్తే సూట్‌కేసు రాలేదు. అది చెన్నైలోనే ఉండిపోయింది, తర్వాతి విమానంలో వస్తుందన్నారు. మూడు గంటలు పడిగాపులు. వచ్చాక ఆటో ఎక్కి 'హేవ్‌లాక్ పడవ' అన్నారు. అతను ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర దింపాడు. ప్రభుత్వ పడవలు బయల్దేరేది అక్కడి నుంచి. వీళ్ల టికెట్టేమో ప్రైవేటు పడవది. అది హడ్డో రేవులో ఉంది! పరుగున అక్కడికి చేరేసరికి పడవ నురుగు మాత్రం కనిపించింది. ఆ రోజుకి అదే ఆఖరిది. డబ్బు వెనక్కి రాదు.

అండమాన్ వెళ్లేవాళ్లలో చాలామంది చేసే పొరపాటే ఇది. అక్కడ హేవ్‌లాక్ లాంటి దీవులకు బస్సు ఉండదు. ఎక్కువగా పడవలే దిక్కు. అవి చీకటి పడితే తిరగవు, గాలి ఎక్కువైతే కదలవు. జనవరిలో సూర్యుడు అయిదున్నర కాకముందే అస్తమిస్తాడు. అంటే రోజే చిన్నది. పైగా పడవ కదలడానికి గంట ముందే, ఫొటో ఉన్న అసలు గుర్తింపు కార్డుతో రేవులో ఉండాలి.

పండగ సీజను. అడిగిన లాడ్జీలన్నీ నిండిపోయాయి. దిక్కుతోచక ఆమె పెదనాన్నకు ఫోను చేసింది. అవతల నుంచి శ్రీకాకుళం వినిపించింది. "పడవ పోతే పోనీయమ్మా. రేపు మళ్లీ ఉంటాది. ఎక్కడున్నారో అక్కడే ఉండండి, నానొస్తన్నాను."

జంగ్లీఘాట్‌లో ఆయన ఇల్లు. ఆ పేటలోకి అడుగుపెడితే కళింగపట్నంలోనో, బారువలోనో ఉన్నట్లే ఉంటుంది. చేపల రేవు, ఆరేసిన వలలు, గుమ్మాల్లో ముగ్గులు, తెలుగు అరుపులు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో ప్రతి వందమందిలో పదమూడుగురి మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత స్థానం మనదే. వాళ్లలో చాలామంది మూలాలు ఉత్తరాంధ్ర తీరంలోనే ఉన్నాయి. మనం విహారానికి వెళ్లే దీవికి వాళ్లు పొట్ట చేతపట్టుకుని వెళ్లారు. వేటకి కొందరు, తాపీ పనికి కొందరు.

పెదనాన్నది తాపీ పని. 1980ల్లో విశాఖలో ఓడెక్కాడు. సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం, మూడు రాత్రులు. కింది అంతస్తులో వరస మంచాలు, ఇంజను రొద, తిన్నది కడుపులో నిలిస్తే ఒట్టు. రెండేళ్లు చేసి వెళ్లిపోదామనుకున్నవాడు అక్కడే ఇల్లు కట్టాడు. ఊరికి వచ్చింది మూడుసార్లే. చివరిసారి తమ్ముడు, అంటే ఆమె తండ్రి, పోయినప్పుడు. అదీ పదోరోజుకి. ఓడ దొరకలేదు, విమానానికి డబ్బు సర్దుబాటు కాలేదు. ఆయన సమయానికి రాలేదన్న మాట ఇంట్లో అలాగే ఉండిపోయింది. మూడోరోజు రాత్రి గంట మాత్రమే ఎందుకు రాసుకున్నారో ఇప్పుడు అర్థమైందిగా!

ఆ రాత్రి చేపల పులుసు, వేడన్నం. "ఇన్నాళ్లకి అల్లుడుగోరు వచ్చినారు, గంటసేపు కూకుని ఎళ్లిపోదారనుకున్నారేటి?" అని నవ్వాడాయన. 2004 డిసెంబరు 26 ఆదివారం పొద్దున భూమి ఊగాక నీళ్లు రేవులోకి ఎలా ఎక్కొచ్చాయో చెప్పాడు. తమ్ముడి కబురు వచ్చిన రోజు రేవు దగ్గర ఎంతసేపు కూర్చున్నాడో ఆయన భార్య చెప్పింది. ఆమె ఏమీ అనలేదు. పెదనాన్న కంచంలో ఇంకో చేపముక్క వేసింది.

చెవి వినాలి కదా!

మర్నాడు పొద్దున్నే పడవ దొరికింది. గంటన్నర ప్రయాణం. అలలకు మాస్టారి మొహం పాలిపోయింది. రాత్రంతా గాలికి తిరిగినందుకు జలుబు కూడా పట్టింది. హేవ్‌లాక్ చేరేసరికి స్కూబా సమయం దాటిపోయింది. మూడోరోజు పొద్దుటికి మళ్లీ రాయించుకున్నారు. ఆ సాయంత్రం రాధానగర్ బీచ్‌లో గడిచింది. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేటి తీరమని మెచ్చుకున్న చోటు అది. పిండిలాంటి ఇసుక, దాని వెనకే ఆకాశాన్నంటే చెట్లు. అయితే మొసళ్ల గురించి హెచ్చరిక బోర్డులుంటే వాటిని చదవాలి. 2010లో ఇక్కడే ఒక పర్యాటకురాలిని ఉప్పునీటి మొసలి పొట్టనబెట్టుకుంది.

మూడోరోజు పొద్దున గాలి. నీళ్లు కలకబారాయి, మధ్యాహ్నం ఒంటిగంటకు చూద్దామన్నాడు శిక్షకుడు. 'విమానం ఎప్పుడు?' అని అడిగాడు వెంటనే. రేపు ఉదయం ఎనిమిదికి అన్నారు. 'అయితే దింపను' అనేశాడు!

కారణం మాస్టారికి తెలిసిన పాఠమే. పది మీటర్ల లోతులో ఒంటి మీద ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు. ఆ ఒత్తిడికి మనం పీల్చే గాలిలోని నత్రజని రక్తంలోకి ఎక్కువగా కరుగుతుంది. అది మెల్లగా బయటికి పోవాలి. ఈలోగా విమానమెక్కితే, సోడా మూత తీసినట్లు ఒంట్లో బుడగలు లేవొచ్చు. కీళ్ల నొప్పి దగ్గర్నుంచి పక్షవాతం దాకా ఏదైనా రావొచ్చు. ఒక్కసారి మాత్రమే దిగితే కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు దిగితే 18 గంటలు ఆగాలన్నది సాధారణ నియమం. జాగ్రత్తపరులు పూర్తిగా ఒకరోజు ఆగమంటారు. ఈ శిక్షకుడు ఆ రకం.

దిగకుండా వెళ్లిపోవాలి. లేదంటే టికెట్టు మార్చుకుని, వేలల్లో తేడా కట్టి, ఇంకో రోజు ఉండాలి. మాస్టారు లెక్కలేశారు. ఆమె మాత్రం లెక్కలేయలేదు. 'సంక్రాంతికి చీర కొనలేదనుకోండి' అంది. టికెట్టు మారింది.

స్కూబాకి ఈత రావాలని చాలామంది అనుకుంటారు. మొదటిసారి సరదాగా దిగేవాళ్లకి అక్కర్లేదు. పదేళ్లు దాటి, ఆరోగ్యంగా ఉంటే చాలు. ఉబ్బసం, గుండెజబ్బు, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే మాత్రం దాచకుండా కాగితం మీద రాయాలి. వీపున ఉండే సిలిండర్లో ఉండేది ఆక్సిజన్ కాదు, కుక్కి నింపిన మామూలు గాలే. ముక్కు మాస్కులో మూసుకుపోతుంది, నోటితోనే ఊపిరి. ఊపిరి బిగబట్టకపోవడం మొదటి సూత్రం. బొటనవేలు పైకెత్తితే 'బాగుంది' అని కాదు, 'పైకి పోదాం' అని! తెలియక ఆ సైగ చేసి, దిగీదిగగానే పైకి తేలిపోయేవాళ్లు బోలెడుమంది.

రెండు మీటర్లు దిగగానే చెవులు బిగుస్తాయి. ముక్కు పట్టుకుని మెల్లగా గాలి ఊదితే తెరుచుకుంటాయి. మాస్టారివి తెరుచుకోలేదు. జలుబు! రెండుసార్లు ప్రయత్నించి, రెండుసార్లూ నొప్పితో పైకొచ్చారు. శ్వేత పుష్కరిణి ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు ఈదిన మనిషి ఇసుకలో కూర్చుండిపోయారు. బకెట్టులో తల ముంచడానికి కూడా భయపడే ఆమె, శిక్షకుడి చెయ్యి పట్టుకుని కిందికెళ్లింది.

మొదటి అయిదు నిమిషాలూ తన ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ తెలియలేదట. తర్వాత చేపలు. జెల్లపొడల్లో ఇల్లు కట్టుకున్నట్లు, ఊగే వేళ్లలాంటి జీవుల మధ్య దాక్కున్న నారింజ రంగు చేపలు. మెదడు ఆకారంలో, జింక కొమ్ముల ఆకారంలో పగడపు దిబ్బలు. పగడం రాయి కాదు, ప్రాణి. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్‌లో చాలా దిబ్బలు తెల్లగా పాలిపోయాయి. అందుకే కాలు ఆనించొద్దనీ, ముట్టుకోవద్దనీ మరీ మరీ చెబుతారు. లోతుకెళ్లేకొద్దీ ముందు మాయమయ్యేది ఎరుపు. ఆమె చేతి గాజులు నల్లగా కనిపించాయి.

ఏడెనిమిది మీటర్ల దగ్గర శిక్షకుడు పక్కకి చూపించాడు. అడుగున గడ్డి మేస్తోంది ఓ పచ్చ తాబేలు. వీళ్లను పట్టించుకోలేదు. కాసేపటికి తల ఎత్తి, ముందు రెక్కలు చాచి, ఒక్క ఊపు... కొంగ లేచినట్లు పైకి లేచి వెళ్లిపోయింది. నెమ్మదా, పాడా! ఒడ్డుకొచ్చాక ఆమె ఏడ్చింది. మాస్కులో ఉప్పునీళ్లు పోయాయేమో అనుకున్నారు మాస్టారు. ఏం చూశావంటే, కాసేపు 'స్వామి' అని మాత్రం అంది.

నాలుగోరోజు మళ్లీ జంగ్లీఘాట్. ఈసారి పడవ తప్పలేదు, చేతిలో సాయంత్రమంతా ఉంది. ఒడ్డున దొరికిందని పూజగదిలో పెట్టడానికి ఆమె తెచ్చిన తెల్లటి పగడపు ముక్క చూసి పెదనాన్న కంగారుపడ్డాడు. చచ్చిందైనా సరే, పగడం తీసుకెళ్లడం వన్యప్రాణి చట్టం కింద నేరం. విమానాశ్రయంలో సంచులు వెతికి మరీ పట్టుకుంటారు. ఇద్దరూ వెళ్లి రేవు దగ్గర నీళ్లలో వదిలేసి, అక్కడే చాలాసేపు కూర్చున్నారు. తమ్ముడి ఆఖరి రోజుల గురించి ఆయన అడిగాడు, ఆమె చెప్పింది. నలభై ఏళ్లుగా ఈ నీళ్ల పక్కనే ఉన్నా వాటి అడుగు ఎలా ఉంటుందో చూడలేదని, అక్కడ తాబేలు ఎలా ఉందో చెప్పమనీ అడిగాడు. అదీ చెప్పింది.

పొద్దున బయల్దేరేటప్పుడు నూట పదహార్లు ఆమె చేతిలో పెట్టాడు, కూర్మనాథుడి హుండీలో వెయ్యమని. ఊరు చేరిన మర్నాడే వేసొచ్చారు. వేసవిలో వస్తానన్నాడట. విమానం వద్దట, విశాఖకి ఓడ ఎప్పుడుందో కనుక్కుంటున్నాడు. ఆ ఓడ తేదీలు నిలకడగా ఉండవు. అందుకని ఈసారి మాస్టారు కాగితం మీద ఏమీ రాయలేదు.