రియాద్ ప్రయాణం: సర్దవలసినవి, సర్దకూడనివి

మా మనవరాలికి రియాద్‌లో మూడు నెలల పని పడింది. లెక్కల తనిఖీ ఉద్యోగం, ఒక్కతే వెళ్తోంది. ఈ సంగతి మన ఉగాది భోజనాల దగ్గర మాటవరసకు చెప్పాను. ఆ సాయంత్రం నుంచే ఫోన్లు. "పెళ్లికాని పిల్లను అక్కడికి ఎలా పంపుతున్నారండీ?" అని కొందరు, "మా వాడికీ అక్కడ ఉద్యోగం వచ్చేలా ఉంది, ఏమేం సర్దాలి?" అని కొందరు. మేము 1984 నుంచి రెండేళ్లు అక్కడ కాపురం చేసి వచ్చాం కనుక నాకన్నీ తెలుసునని అందరి నమ్మకం. విడివిడిగా చెప్పడం కన్నా మన పత్రికలో ఒకేసారి చెబుదామని ఈ నాలుగు మాటలు.

నాకు తెలిసినదాంట్లో సగం పాతబడిపోయిందని మొదటే ఒప్పుకోవాలి. ట్రంకుపెట్టె అడుగున దాచిన నా నల్ల అబాయా తీసి, దులిపి మనవరాలికిచ్చాను. అది నవ్వింది. "అమ్మమ్మా, 2019లో టూరిస్టు వీసాలు మొదలుపెట్టినప్పుడే విదేశీ స్త్రీలకు ఇది తప్పనిసరి కాదన్నారు" అంది. భుజాలు, మోకాళ్లు కప్పే వదులైన బట్టలు చాలట. మన సల్వారు కమీజు, చున్నీ అయితే ఏ చిక్కూ లేదు. మా రోజుల్లో ఆడవాళ్లు కారు నడపకూడదు. 2018 జూన్ నుంచి నడుపుతున్నారు. బజారులో బెత్తం పట్టుకుని తిరిగే ముతవ్వాలకు 2016లో అరెస్టు చేసే అధికారం తీసేశారు. గురు, శుక్రవారాల సెలవు 2013లో శుక్ర, శనివారాలకు మారింది.

మారనివి కూడా ఉన్నాయి. ముస్లింలు కానివారు మక్కాకు వెళ్లకూడదు. ఇతర మతాల పూజలు బహిరంగంగా చేయకూడదు. మేము వంటింటి అలమరలో చిన్న వేంకటేశ్వరస్వామి పటం పెట్టుకుని, తలుపు వేసి దీపం వెలిగించుకునేవాళ్లం. ఎవరూ మా జోలికి రాలేదు, మేమూ చాటుకోలేదు. సారా, పందిమాంసం పెట్టెలో ఉండకూడదు. మందులు వెంట తీసుకువెళ్లేవారు డాక్టరు రాసిచ్చిన చీటీ, మందు అసలు డబ్బా రెండూ ఉంచుకోవాలి. కోడీన్ ఉన్న దగ్గుమందులు, కొన్ని నొప్పి మాత్రలు ఇక్కడ మామూలుగా వాడేవే అయినా అక్కడ ముందుగా అనుమతి కావాలి.

ఇంతవరకూ నాకూ తెలుసు. ప్రయాణానికి రెండు రోజుల ముందు రాత్రి మనవరాలు నిషేధించిన వస్తువుల పట్టిక చదువుతూ, "అమ్మమ్మా, పాపీ సీడ్స్‌ని తెలుగులో ఏమంటారు?" అని అడిగింది. "గసగసాలే" అన్నాను. అన్నాక నా గుండె ఆగినంత పనైంది. ఆ మధ్యాహ్నమే కుర్మాపొడి కొట్టి, రెండు పొట్లాలు కట్టి, దాని పెట్టెలో చీరల మడతల్లో దాచింది నేనే. పిల్లకు నోటికి రుచిగా ఉంటుందని గసగసాలు కాస్త ఎక్కువే వేశాను. అవి నల్లమందు మొక్క గింజలే కదా. మాదకద్రవ్యాల విషయంలో ఆ దేశపు చట్టం మరణశిక్ష దాకా వెళుతుంది. పొట్లాలు తీసి, చీరలన్నీ దులిపి, పెట్టె మళ్లీ మొదటినుంచి సర్దాం. కనుక అమ్మలకు, అమ్మమ్మలకు నా మనవి: ప్రేమతో కట్టే పొట్లం అయినా వెళ్లేవాళ్లకు చెప్పే కట్టండి.

ఇక నడవడిక. ఇవ్వడం, పుచ్చుకోవడం కుడిచేత్తోనే. ఇది మనకు కొత్త కాదు. పరాయి ఆడవారికి మగవారు ముందుగా చెయ్యి చాపకూడదు. స్నేహితుణ్ణి "మీ భార్య బాగున్నారా?" అని కాక "ఇంట్లో అందరూ బాగున్నారా?" అని అడగాలి. ఇదీ మన పెద్దల పద్ధతే. అడగకుండా ఎవరికీ, ముఖ్యంగా ఆడవారికి, ఫోటోలు తీయకూడదు. రంజాన్ నెలలో పగలు నలుగురిలో తినడం, తాగడం ఎవరికీ కూడదు. ఎవరింటికి వెళ్లినా ఏలకుల వాసన వేసే ఖహ్వా చిన్న కప్పులో పోస్తారు. కప్పు అటూ ఇటూ ఊపి ఇచ్చేవరకు పోస్తూనే ఉంటారు. నేను తెలియక మొదటిరోజు తొమ్మిది కప్పులు తాగి తెల్లవార్లూ మేలుకున్నాను.

బట్టలకు, తిండికి, నడవడికకు ఇలాగే 1984లోనూ బాగా సిద్ధమై వెళ్లాం. సిద్ధపడనిది ఒక్కటే, తిరిగి రావడానికి.

అక్కడ దిగిన వారంలోనే మావారు పనిచేసే ఆసుపత్రి వాళ్లు మా పాస్‌పోర్టులు తీసుకుని ఇనప్పెట్టెలో పెట్టారు. అది మామూలే అన్నారు, మేమూ సరే అన్నాం. మరుసటి ఏడాది ఒక బుధవారం రాత్రి రాజమండ్రి నుంచి ఫోను వచ్చింది, నాన్నగారు పోయారని. దేశం దాటాలంటే యజమాని సంతకంతో వీసా కావాలి. గురు, శుక్రవారాలు సెలవు. సంతకం పెట్టే అధికారి శనివారం రమ్మన్నాడు. శనివారం కాగితం మొదలుపెడితే ఇంకో నాలుగు రోజులు. ఐదేళ్ల పిల్లను ఒళ్లో పెట్టుకుని నేలమీద కూర్చుండిపోయాను.

ఆ కార్యాలయంలో హైదరాబాదు పాతబస్తీ నుంచి వచ్చిన గుమాస్తా ఒకాయన ఉండేవారు. భాయ్‌సాబ్ అని పిలిచేవాళ్లం. ఎవరి ద్వారానో విని గురువారం ఇంటికి వచ్చారు. "బేటీ, నేను చూస్తాను" అన్నారు. శుక్రవారం నమాజు కాగానే కూర్చుని అరబ్బీలో కాగితాలన్నీ టైపు చేశారు. ఆ సాయంత్రం అధికారి ఇంటికి వెళ్లి సంతకం పెట్టించారు. ఆ అధికారి, పాపం, కారణం విన్న తరువాత మారుమాట లేకుండా పెట్టాడట. శనివారం తెల్లవారకముందే పాస్‌పోర్టు కార్యాలయం ముందు వరుసలో మొదట నిలబడ్డారు. మధ్యాహ్నానికి ముద్ర పడింది. సోమవారం ఇల్లు చేరాను. నాన్నగారి ముఖం చూడలేదు, కానీ పదోరోజు అమ్మ పక్కన ఉన్నాను.

ఇప్పుడు ఆ పద్ధతి కొంత సడలింది. 2021 మార్చి నుంచి ప్రైవేటు కంపెనీల ఉద్యోగులు చాలామంది యజమానితో పని లేకుండా ఆ వీసా తామే తీసుకోవచ్చు. ఇళ్లలో పనిచేసేవారికి, వారి డ్రైవర్లకు మాత్రం ఆ మార్పు వర్తించలేదు. మన వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారిలో అలాంటివారే ఎందరో. యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం ఇప్పుడు అక్కడి చట్టానికి విరుద్ధం. మీ పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంచుకోండి. దాని నకళ్లు, వీసా నకళ్లు రెండు చోట్ల పెట్టండి. సంతకం చేసే ముందే "ఇంట్లో ఆపద వస్తే ఎన్ని రోజుల్లో బయలుదేరగలను?" అని అడిగి, జవాబు రాయించుకోండి.

మనవరాలు వెళ్లి మూడు వారాలైంది. నిన్న ఫోను చేసి, "అమ్మమ్మా, ఖహ్వా మూడో కప్పుకే ఊపేశాను" అంది. పాస్‌పోర్టు ఎక్కడుందని అడిగాను. చేతిసంచిలోనే ఉందట. మీ పిల్లలు ఎవరైనా వెళ్తుంటే నాకు ఫోను చేయండి, తెలిసినంతవరకు చెబుతాను.