చిన్న కంచం

బరువు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకున్నవాడికి మొదటి సంవత్సరం ఎవరూ ఉత్సాహం నూరిపోయనక్కర్లేదు. ఆ పని తూకం యంత్రమే చేస్తుంది. వారం వారం ముల్లు కిందికి దిగుతూంటుంది. బెల్టుకి కొత్త చిల్లులు పడుతూంటాయి. వీధిలో ఎదురైన ప్రతివాడూ ఆగి రెండు మాటలు మాట్లాడిపోతాడు. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. ముల్లు ఒకచోట ఆగిపోతుంది. పొగిడేవాళ్లు పొగిడి పొగిడి అలసిపోతారు. ఆకలి మాత్రం, ఊరెళ్లిన చుట్టంలాగా, చడీచప్పుడూ లేకుండా తిరిగొచ్చి అరుగు మీద కూర్చుంటుంది. ఆ తర్వాతి రోజుల గురించి చెప్పేవాళ్లు తక్కువ. నేను మూడేళ్లుగా ఆ రోజుల్లోనే ఉన్నాను కాబట్టి నాలుగు మాటలు రాయాలనిపించింది.

నా సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. మాది బరంపురం. తాతల నాటి నుంచీ ఇక్కడే. 1936లో ఒరిస్సా రాష్ట్రం వేరుపడ్డప్పుడు సరిహద్దు గీత మా ఊరికి దక్షిణాన పడింది. మేము ఉన్నచోటే ఉండిపోయాం. బి.కామ్. చదివి, బ్యాంకులో గుమాస్తాగా చేరి, ఆఫీసరునయ్యాను. వయసు 56. అయిదడుగుల ఆరంగుళాల మనిషిని, 2021లో 118 కిలోలుండేవాణ్ణి. షుగరు, బి.పి., వాటికి తోడు నిద్రలో గురక మధ్య ఊపిరి ఆగిపోయే జబ్బు. మా నాన్నగారు షుగరు వల్ల మూత్రపిండాలు పాడై 59వ ఏట పోయారు. చివరి పద్నాలుగు నెలలూ వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కి ఆయన్ని రిక్షాలో నేనే తీసుకెళ్లేవాణ్ణి. ఆ యంత్రం పక్కన స్టూలు మీద గంటల తరబడి కూర్చున్నవాడికి 59 అనే అంకె మామూలు అంకెలా కనబడదు.

2021 నవంబరులో విశాఖపట్నంలో ఆపరేషన్ అయింది. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అంటారు. కడుపు సంచీలో మూడు వంతులకు పైగా కోసి తీసేసి, మిగిలినదాన్ని అరటికాయలా సన్నటి గొట్టంగా కుట్టేస్తారు. తీసేసిన భాగంలోనే గ్రెలిన్ అనే ఆకలి పుట్టించే రసం ఎక్కువగా తయారవుతుందట. అందుకే మొదటి ఏడాది ఆకలి ఉండదు. అది మన గొప్పతనం కాదు, కత్తి గొప్పతనం. ఇంకో మాట, బ్యాంకువాణ్ణి కనుక చెప్పకుండా ఉండలేను: బి.ఎమ్.ఐ. నలభై దాటినవాళ్లకీ, ముప్పై అయిదు దాటి కొన్ని తీవ్రమైన జబ్బులున్నవాళ్లకీ, మిగతా మార్గాలు ఫలించనప్పుడు ఈ ఆపరేషన్ ఖర్చు ఆరోగ్య బీమాలో వచ్చే దారిని ఐ.ఆర్.డి.ఎ.ఐ. 2019లో నిబంధనలిచ్చి ఏర్పరచింది. పాలసీ కాగితం చదవకుండానే ‘మాకు రాదులే’ అనుకునేవాళ్లు నా కౌంటరు దగ్గరే చాలామంది కనబడతారు.

ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు చేతికో కాగితం ఇచ్చారు. మొదటి రెండు వారాలూ ద్రవాలే, తర్వాత మెత్తగా మెదిపినవి, ఆ తర్వాత మృదువైనవి. అంతా ఇంగ్లీషు. క్లియర్ సూపు, బ్రోకలీ, ఓట్సు. మా అమ్మకి 80 ఏళ్లు. బరంపురంలో తెలుగు బడులు నిండుగా ఉన్న రోజుల్లో అయిదో తరగతి దాకా చదువుకుంది. కాగితం నాచేత చదివించుకుని, ‘ఏటిరా ఇది, బాలింత పథ్యం కాదూ?’ అంది. మర్నాటి నుంచి మా ఇంట్లో బ్రోకలీ మాట లేదు. పెసరకట్టు, ఉలవకట్టు, కందికట్టు, వడగట్టిన చోడి జావ, తేట మజ్జిగ. ఆసుపత్రి డైటీషియన్‌కి ఫోనులో ఒక్కొక్కటీ వివరించి అనుమతి తీసుకున్నాను. ఆవిడ చోడి జావ ఇంకా పల్చగా ఉండాలంది, మజ్జిగలో మిరియం వద్దంది, మిగిలినవన్నీ సరే అంది.

గుక్కకింత అని కొలిచి తాగాలి. కొలత గిన్నె కోసం వెతుకుతూంటే అమ్మ పాత పెట్టె తీసి ఉగ్గుగిన్నె తెచ్చింది. మా అప్పకీ నాకూ ఉగ్గు పెట్టిన వెండిగిన్నె. ‘ఇదే పడుతుంది కదా ఇప్పుడు నీ పొట్టలో’ అంది. నవ్వుతూనే అంది గాని, వంటింట్లోకి వెళ్లాక ముక్కు చీదుకోవడం వినబడింది. కొడుకు కంచం నిండా తినడం చూసి సంతోషించడం తప్ప ఆవిడ జీవితంలో మరో విలాసం ఎరగదు. నేను చిన్న కంచం పట్టుకున్న రోజు ఆవిడ చేతి గరిటె సగం లాక్కున్నట్టే అయింది. ఈ ఆపరేషన్ల గురించి మాట్లాడే డాక్టర్లు రోగి మనసు గురించి చెబుతారు. రోగి తల్లి గురించి ఎవరైనా చెబితే బాగుండును.

ఇక మన తిండి సంగతి. తెలుగువాడి భోజనం అంటే అన్నం. పప్పులోకి అన్నం, కూరలోకి అన్నం, పులుసులోకి అన్నం, పెరుగులోకి అన్నం. మిగిలినవన్నీ అన్నాన్ని లోపలికి దింపడానికి వచ్చిన సహాయకులు. ఆపరేషన్ అయినవాడు దీన్ని తలకిందులు చేయాలి. ముందు మాంసకృత్తులు, తర్వాత కూర, చోటుంటే అన్నం. రోజుకి కనీసం అరవై గ్రాముల మాంసకృత్తులు పడకపోతే కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది. నా పద్దు ఇలా ఉంటుంది: రెండు గుడ్లు 12, వంద గ్రాముల చేప 20, యాభై గ్రాముల ఛెనా 9, గట్టి పప్పు ఒక కప్పు 7, పెరుగు 4, గుప్పెడు వేయించిన శనగలు 6. మొత్తం 58. అటూ ఇటూగా సరిపోతుంది. చేప ముట్టని సోమవారాల్లో, కార్తీకమాసంలో ఛెనా రెట్టింపవుతుంది. ఒడిశాలో పుట్టిన అదృష్టం ఏమిటంటే పంచదార కలవకముందు ఛెనా వీధి చివర దొరుకుతుంది. పంచదార కలిసిన తర్వాత అది రసగుల్లా అవుతుంది, అప్పుడు దాని దారి దానిది, నా దారి నాది.

నమలడం రెండో సమస్య. మనం పప్పన్నం గాని పెరుగన్నం గాని నమలం. ముద్ద జారిపోతుంది. సన్నగా మిగిలిన కడుపులోకి నమలని ముద్ద పడితే గుండెల దగ్గర మేకు దిగినట్టుంటుంది. పాతిక సార్లు నమలాలి. మధ్యలో నీళ్లు తాగకూడదు. తిన్న తర్వాత కూడా అరగంట ఆగాలి. మిగిలిన వేళల్లో మాత్రం గుటక గుటకగా లీటరున్నర, రెండు లీటర్లు పడాలి. మా ఇంట్లో భోజనానికి కూర్చునే ముందే కుడిపక్కన మరచెంబు పెట్టడం ఆచారం. ఇప్పుడు నా పక్కన చెంబు ఉండదు. చూసినవాళ్లకి అపశకునంలా ఉంటుందని మా ఆవిడ మొదట్లో ఖాళీ చెంబు పెట్టేది.

దీనికంతకీ ఒక తిరకాసు ఉంది, ఇది మాత్రం కొత్తవాళ్లు గట్టిగా పట్టించుకోవాలి. చేప ముక్క, గుడ్డు, గట్టి పప్పు ఆ గొట్టంలో కాసేపు నిలబడతాయి, కడుపు నిండినట్టు చెబుతాయి. బిస్కెట్టు, మిక్స్చరు, జంతికలు, ఐస్‌క్రీము అలా కాదు. నోట్లోనే కరిగి, జారి వెళ్లిపోతాయి. ఎంత తిన్నా చోటు మిగిలే ఉంటుంది. అంటే కడుపు ఎంత చిన్నదైనా, సాయంకాలం టీతోపాటు జంతికలు నములుతూ కూర్చున్నవాడు పాత బరువుకి నిక్షేపంగా చేరుకోవచ్చు. ఈ పదార్థాలకి కాపలా కాసే శక్తి ఏ డాక్టరు కుట్టుకీ లేదు. మా బ్రాంచిలో పదకొండింటికి టీ, నాలుగింటికి టీ, రెండింటికీ మిక్స్చరు పొట్లం ఖాయం. నా బల్ల సొరుగులో శనగల డబ్బా పెట్టుకున్నాను. మొదటి వారం అందరూ నవ్వారు. ఇప్పుడు వాళ్లే వచ్చి తినిపోతున్నారు, నెలకి రెండు కిలోల శనగలు కొంటున్నాను.

మాత్రల విషయం తొందరగా చెబుతాను. బి-12, ఐరను, కాల్షియం, డి విటమిను జీవితాంతం. ఐరనూ కాల్షియమూ ఒకేసారి వేసుకుంటే ఒకటి రెండోదాన్ని ఒంటబట్టనివ్వదు, రెండు గంటలైనా ఎడం ఉండాలి. ఐరను మీద టీ తాగకూడదు. ఏడాదికోసారి రక్తపరీక్ష. నాలుగో నెలలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతే కంగారు పడనక్కర్లేదు, తిండి సరిగ్గా ఉంటే మళ్లీ వస్తుంది. నాకు వచ్చింది, ముందున్నంత మాత్రమే. ముందు కూడా పెద్దగా ఏమీ లేదు.

2023 మొదట్లో 79 కిలోల దగ్గర ముల్లు ఆగింది. తర్వాత మెల్లమెల్లగా 84కి వచ్చింది. తగ్గిన ఒళ్లు తక్కువ ఖర్చుతో బతకడం నేర్చుకుంటుందనీ, కొంత తిరిగి రావడం మామూలేననీ సర్జను ముందే చెప్పాడు. షుగరుకి రెండు పూటలా మూడు మాత్రలు మింగినవాణ్ణి, ఇప్పుడు ఒక్కటే. రాత్రి ముక్కుకి యంత్రం లేదు. అయినా ఎదురుపడ్డవాడు ‘ఏం సార్, మళ్లీ కాస్త వచ్చినట్టున్నారే’ అంటాడు. మొదటి ఏడాది ఇదే మనిషి, ‘ఏమైంది సార్, లోపల ఏదైనా పెద్ద జబ్బా?’ అని మా ఆవిణ్ణి పక్కకి పిలిచి అడిగాడు. జనం మాట మీద ఆధారపడి నిలబెట్టుకునే ఉత్సాహం ఆ జనం పక్క సందులోకి తిరిగేదాకానే ఉంటుంది.

ఉత్సాహం ఎలా నిలుపుకుంటావని అడుగుతారు. ఆ ప్రశ్నే నాకు పడదు. ముప్పయ్యేళ్లుగా బ్యాంకులో ఉన్నాను. సాయంత్రం క్యాషు లెక్క సరిపెట్టే క్యాషియరుని ‘నీకివాళ ఉత్సాహంగా ఉందా?’ అని ఎవరూ అడగరు. లెక్క తేలేదాకా ఇంటికెళ్లడు, అంతే. పది రూపాయలు తేడా వచ్చినా కట్టలు విప్పి మళ్లీ లెక్కపెడతాడు. తిట్టుకుంటూ లెక్కపెట్టినా లెక్క లెక్కే. పొద్దున్నే రామలింగం చెరువు చుట్టూ నలభై నిమిషాల నడకా అటువంటిదే నాకు. కొన్ని రోజులు హాయిగా ఉంటుంది, చాలా రోజులు ఏమీ అనిపించదు. వారానికి రెండుసార్లు నీళ్లు నింపిన సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని ఎత్తడం, దించడం. కండ నిలవాలంటే నడక ఒక్కటే చాలదన్నారు.

తూకం సోమవారం ఉదయం ఒక్కసారే. రోజూ చూస్తే నీటి హెచ్చుతగ్గులకే మనసు ఊగుతుంది. మా బ్యాంకుల్లో అప్పు వాయిదా ఆలస్యమైతే ఆ ఖాతా ఎస్.ఎమ్.ఎ. సున్నా అనే జాబితాకెక్కుతుంది. ముప్పై రోజులు దాటితే ఎస్.ఎమ్.ఎ. ఒకటి, అరవై దాటితే రెండు, తొంభై దాటితే మొండి బకాయి. మొండి బకాయి అయ్యాక పరుగెత్తడం కన్నా సున్నా దగ్గరే ఖాతాదారుకి ఫోను చేయడం తేలిక అని దాని అర్థం. నా పుస్తకంలోనూ అదే పద్ధతి. 85 వస్తే సున్నా: వారం రోజులు తిన్నదల్లా రాసుకోవాలి. 86 అయితే ఒకటి: అన్నం ఒక పూటే. 87 అయితే రెండు: విశాఖకి ఫోను. ఇప్పటిదాకా ‘ఒకటి’ రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ వెనక్కి మళ్లింది.

పెళ్లిళ్లలోనూ ఠాకురాణి జాతర నెలలోనూ ఇబ్బంది తప్పదు. ఆకులో వడ్డించింది వదిలేయడం పెట్టినవాళ్లని అవమానించడమే మన లెక్కలో. నేను పిల్లల పంక్తిలో కూర్చుంటాను. అక్కడ వడ్డించేవాళ్లు కొంచెమే వేస్తారు, ఎవరూ బలవంతం చేయరు, కబుర్లూ బాగుంటాయి.

అమ్మకి మళ్లీ పని దొరికింది కూడా ఆ కొలతల్లోనే. ఏది ఎంత నీళ్లకి ఎంత గింజ, ఎన్నో వారం నుంచి ఏది పెట్టవచ్చు, ఏది తింటే నాకు పడలేదు, అన్నీ రెండు వందల పేజీల నోటుపుస్తకంలో తెలుగులో రాసింది. కొలతలన్నీ ఉగ్గుగిన్నెలూ, గరిటెలూ, చారెళ్లూ. వాటి పక్కన నేను పెన్సిలుతో గ్రాములు వేశాను.

ఇప్పుడా పుస్తకం మా అప్ప కొడుక్కి కావలసివచ్చింది. వాడికి 34 ఏళ్లు, 142 కిలోలు, గేటు బజారు దగ్గర అప్పడాల దుకాణం. ‘మావయ్యా, నేనూ చేయించుకోనా?’ అని ఏడాదిగా అడుగుతున్నాడు. చేయించుకో అనీ వద్దు అనీ చెప్పలేదు. మూడు నెలలు నా పద్ధతిలో తిని, సోమవారం సోమవారం అంకె నాకు పంపమన్నాను. పంపాడు, ఒక్క వారమూ తప్పకుండా. అయిదు కిలోలు తగ్గాడు. వచ్చే నెల వాణ్ణి సర్జను దగ్గరికి తీసుకెళ్తున్నాను.

వాడు ఇంట్లో తెలుగే మాట్లాడతాడు గాని, చదవడం రాదు. ఒడియా బడిలో చదివాడు. అందుకని మా అమ్మాయి రాత్రిళ్లు కూర్చుని నాయనమ్మ పుస్తకాన్ని ఒడియా అక్షరాల్లో ఎక్కిస్తోంది. దానికీ తెలుగు చదవడం అంతంతమాత్రమే. అమ్మ చదివి చెబుతూంటే రాస్తుంది. ఒడియాలో ‘ఎ’కీ ‘ఏ’కీ ఒకటే అక్షరం, ‘ఒ’కీ ‘ఓ’కీ ఒకటే. మొన్న పెసరకట్టు దగ్గర ఆగి, ‘ఇలా రాస్తే వాడు పేసరకట్టు అని చదువుతాడు నాయనమ్మా’ అంది. అమ్మ కాసేపు ఆలోచించి, ‘చదవనీ, గిన్నెలోకి వచ్చేసరికి తెలుస్తుంది. కొలత మటుకు సరిగ్గా రాయి’ అని తర్వాతి పేజీ తిప్పింది.