నాంపల్లిలో దిగి అబిడ్స్ దాకా నడిస్తే

విదేశాల నుంచి చుట్టాలు మొదటిసారి హైదరాబాద్ వస్తున్నారంటే ఇక్కడివాళ్లు ముందే కారు మాట్లాడి పెడతారు. ఒకరోజు చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, మర్నాడు గోల్కొండ, పిల్లలుంటే రామోజీ ఫిల్మ్‌సిటీ. మధ్యలో కారు అబిడ్స్ మీదుగానే పోతుంది. డ్రైవర్ చెయ్యి చూపించేలోపే అబిడ్స్ వెనక్కి వెళ్లిపోతుంది.

కౌలాలంపూర్‌లో స్థిరపడిన ఈ వ్యాసకర్త అక్కడా ఇదే తంతు చూస్తుంటాడు. ఊరి నుంచి వచ్చిన బంధువులు పెట్రోనాస్ జంట టవర్ల ముందు ఫొటో దిగి, బాటు గుహల మెట్లెక్కి, మాల్‌లో చాక్లెట్లు కొని, ఇక చూడాల్సింది అయిపోయిందంటారు. అందుకే ఎవరొచ్చినా మొదటిరోజు కారెక్కనివ్వడు. క్లాంగ్, గోంబాక్ నదులు కలిసేచోట 1909లో వెలసిన జామెక్ మసీదు దగ్గర బయల్దేరి, 1897 నాటి సుల్తాన్ అబ్దుల్ సమద్ భవనం చూపించి, సెంట్రల్ మార్కెట్ దాకా నడిపిస్తాడు. ఆ ఊరు ఎక్కడ పుట్టి ఎటు పెరిగిందో ఆ నడకలో తెలిసిపోతుంది. హైదరాబాద్‌కు కూడా అలాంటి దారి ఒకటుంది. అది నాంపల్లిలో మొదలై అబిడ్స్‌లో తేలుతుంది.

ఈమధ్య ఆ దారిన ఒక మలేసియా తెలుగు కుటుంబాన్ని తీసుకెళ్లాడు. వాళ్ల పూర్వీకులు బ్రిటిష్ కాలంలో రబ్బరు తోటల్లో పనికి వెళ్లి అక్కడే ఉండిపోయారు. ఇంట్లో తెలుగు నిలిచింది. హైదరాబాద్ మాత్రం సినిమాల్లో చూసిందే.

మెట్రోలో అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే పక్కనే పబ్లిక్ గార్డెన్స్. 19వ శతాబ్దంలో వేసిన తోట, పాతవాళ్ల నోట బాగేఆం. తెల్లటి గుమ్మటాలతో కనిపించే శాసనసభ భవనం మొదట టౌన్‌హాల్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నలభయ్యో ఏటి గుర్తుగా 1905లో మొదలుపెట్టి, ఆయన పోయాక 1913లో పూర్తిచేశారు. దానికి దగ్గర్లోని పురావస్తు మ్యూజియంలో దక్షిణ భారతంలో మరెక్కడా చూడలేని వస్తువుంది. నైషూ అనే ఈజిప్టు యువతి మమ్మీ అది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ దాన్ని కొని తెచ్చి ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కు ఇస్తే, ఆయన మ్యూజియానికి ఇచ్చేశాడు. రెండువేల ఏళ్లు దాటిన మనిషి నాంపల్లిలో ఉందంటే కుటుంబంలోని అమ్మాయి నమ్మలేదు. "నిజంగానేనా మావయ్యా?" అని అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూసింది. కౌలాలంపూర్‌లో ఇలాంటిది ఒక్కటుంటే ఊరంతా బోర్డులు పెట్టి ఉండేవాళ్లు. ఇక్కడ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసేవాళ్లలోనే లోపలికి వెళ్లి చూడనివాళ్లు ఎందరో.

1907లో మొదలైన నాంపల్లి రైల్వేస్టేషన్ రైళ్లకు చివరి మజిలీ. పట్టాలు అక్కడితో ఆగిపోతాయి. ఎదురుగా నిజాం కాలపు సరాయి ఏళ్ల తరబడి పాడుబడి ఉండిపోయింది. రైలు దిగిన బాటసారులకు బస ఇచ్చిన కట్టడం అది. బాగుచేసి పర్యాటకులకే విడిదిగా ఇస్తే ఎంత బాగుండునో అనిపిస్తుంది.

ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ గురించి హైదరాబాదీలకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అయితే అక్కడ జరిగే నుమాయిష్ ప్రదర్శన ఎందుకు పుట్టిందో కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పాలి. హైదరాబాద్ రాష్ట్రంలో ఆర్థిక సర్వే చేయించాలని ఉస్మానియా పట్టభద్రులు అనుకున్నారు, డబ్బు లేదు. ఆ డబ్బు కోసమే 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో స్థానిక వస్తువుల ప్రదర్శన పెట్టారు. 1946లో ఇప్పుడున్న మైదానానికి మారింది. ఏటా మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా సాగే ఈ సంత రాబడితో ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు నడుపుతోంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ ఆ మైదానంలోనే ఉంది. కాశ్మీరీ శాలువా కొన్నా, జెయింట్ వీల్ ఎక్కినా ఆ రూపాయిలో కొంత ఒక ఆడపిల్ల చదువుకు చేరుతుంది.

అక్కణ్నుంచి కాసేపు నడిస్తే మొజంజాహీ మార్కెట్. 1935లో ఉస్మాన్ అలీఖాన్ కట్టించి రెండో కొడుకు మొజం జా పేరు పెట్టాడు. గ్రానైట్ రాతి గోడలు, మధ్యలో గడియారపు గోపురం. కౌలాలంపూర్ సెంట్రల్ మార్కెట్ ఇప్పటి భవనం కూడా ఆ కాలానిదే, 1930లలో కట్టింది. అదీ కూరగాయలు, చేపల బజారే. 1980లలో పడగొడతారన్నప్పుడు వారసత్వ సంపదను కాపాడాలనేవాళ్లు అడ్డుపడి నిలబెట్టారు. ఇప్పుడక్కడ హస్తకళల దుకాణాలున్నాయి. మొజంజాహీ మార్కెట్ కూడా మాసిపోయి, తీగలు వేలాడి, బోర్డుల కింద కనపడకుండా పోయింది. మరమ్మతులు చేసి 2020 ఆగస్టులో తిరిగి తెరిచారు. రాయి రంగు మళ్లీ బయటపడింది. అయినా ఇక్కడి ఐస్‌క్రీమ్ దుకాణాలు కదల్లేదు, అదే గొప్ప. సీతాఫలాల కాలంలో వస్తే సీతాఫలం ఐస్‌క్రీమ్ తినకుండా వెళ్లకూడదు. దేశ విభజనతో సింధ్ వదిలి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో తెరిచిన కరాచీ బేకరీ కూడా ఇక్కడిదే. కట్టుబట్టలతో వచ్చి కొత్త ఊళ్లో అంగడి పెట్టుకోవడం ఎలాంటిదో మలేసియా తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. కుటుంబంలోని పెద్దావిడ ఫ్రూట్ బిస్కెట్ డబ్బాలు ఇరుగుపొరుగుకని లెక్కపెట్టి మరీ తీసుకుంది.

ఇక అబిడ్స్. ఆల్బర్ట్ అబిద్ అనే ఆర్మేనియన్, మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉంటూ ఇక్కడ దుకాణం నడిపాడు. ఆ దుకాణం పేరే పేటకు నిలిచింది. 1891లో నిజాంతో జరిగిన జాకబ్ వజ్రం బేరానికి మధ్యవర్తి అతనే. ఆ బేరం కలకత్తా హైకోర్టు దాకా వెళ్లింది. 184.75 క్యారెట్ల ఆ వజ్రం ఇప్పుడు కేంద్రప్రభుత్వ సొత్తు. నిజాం నగల కొనుగోలులో భాగంగా 1995లో తీసుకున్నారు. ఇంత కథకు మూలమైన మనిషి గురించి ఆ చౌరస్తాలో ఒక్క అక్షరం రాసి లేదు.

ఆదివారం పొద్దున వెళ్తే మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. "తీస్కో అన్నా, దొరకదు మళ్లా" అంటాడు అమ్మేవాడు. నిజమే, దొరకదు. వైద్యం, ఇంజినీరింగ్ పుస్తకాల గుట్టల మధ్య అట్ట ఊడిన తెలుగు నవల కనిపిస్తే వదలబుద్ధి కాదు.

ఈ వ్యాసకర్త తన అతిథులను ప్రత్యేకించి ఇక్కడికి తేవడానికి అసలు కారణం ఆ తర్వాతి వీధుల్లో ఉంది. ఇది నిజాం రాజ్యంలో తెలుగు తన చోటు వెతుక్కున్న పేట. 1921 నవంబరులో అబిడ్స్‌కు దగ్గర్లోని వివేకవర్ధని పాఠశాల ప్రాంగణంలో మహారాష్ట్ర సంస్కర్త కార్వే అధ్యక్షతన సంఘసంస్కరణ సభ జరిగింది. వక్తలు మరాఠీలో, ఉర్దూలో, ఇంగ్లీషులో మాట్లాడారు. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేశారు. ఆ రాత్రే కొందరు టేకుమాల రంగారావు ఇంట్లో కూడి ఆంధ్ర జనసంఘం పెట్టారు. సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం అప్పటికే 1901 నుంచి ఉంది. తర్వాత నగర కొత్వాల్ అయిన రాజబహదూర్ వెంకటరామారెడ్డి చొరవతో 1918లో వచ్చిన రెడ్డి హాస్టల్, 1943లో పుట్టిన సారస్వత పరిషత్తు కూడా ఈ చుట్టుపక్కలే. రెడ్డి హాస్టల్ బాధ్యతలు చూసిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోల్కొండ పత్రిక పెట్టాడు.

ఇదంతా విన్న ఇంటిపెద్ద పరిషత్తు గేటు ముందే నిలబడిపోయాడు. "మా తాత తోటలో చెట్టుకింద అక్షరాలు దిద్దించాడు బాబూ, ఇక్కడా అంత కష్టపడ్డారా" అన్నాడు. మలేసియాలో తెలుగువాళ్లు సంఘంగా నిలబడింది 1955లో. నిజాం రాజ్యంలోనూ మలయా తోటల్లోనూ తెలుగు నిలిచింది సర్కారు అండతో కాదు, ఇలాంటి ఇళ్లలో, అరుగుల మీద.

అయితే ఈ నడక సుఖంగా సాగుతుందని చెప్తే అబద్ధమవుతుంది. ఫుట్‌పాత్ చాలాచోట్ల ఉండదు, ఉన్నచోట బళ్లు ఆగి ఉంటాయి. రోడ్డు దాటాలంటే పెద్దవాళ్ల చెయ్యి పట్టుకోవాలి. ముఖ్యమైన ప్రతి కట్టడం దగ్గరా తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో నాలుగు వాక్యాల బోర్డు పెట్టడానికి కోట్లేమీ అక్కర్లేదు.

వెళ్లదలిస్తే మ్యూజియానికి శుక్రవారం సెలవని గుర్తుంచుకోవాలి. పుస్తకాల కోసం ఆదివారమే మేలు. ఎండ ముదరకముందే పబ్లిక్ గార్డెన్స్ ముగించి, మధ్యాహ్నానికి అబిడ్స్ తాజ్‌మహల్ హోటల్లో భోజనానికి చేరుకోవచ్చు. ఆ ఇంటిపెద్ద వచ్చే జనవరిలో మళ్లీ వస్తామంటున్నాడు. అప్పటికి నుమాయిష్ కూడా తెరిచి ఉంటుంది.