కూలి నుంచి జీతానికి

ప్రమోషన్ అనగానే మన ఇళ్లలో పాయసం వండుతారు. ఆ తెనాలి ఆడపడుచు మాత్రం కాలిక్యులేటర్ తీసింది.

ఉండేది అమెరికాలో, డల్లాస్ దగ్గర. గ్రీన్‌కార్డు వచ్చాక ఇంట్లో ఊరికే కూర్చోలేక ఓ సూపర్‌మార్కెట్లో చేరింది. గంటకు 17 డాలర్లు. అక్కడ 1938 నాటి చట్టం ప్రకారం వారానికి 40 గంటలు దాటితే ప్రతి గంటకూ ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. అంటే 25 డాలర్ల 50 సెంట్లు. పండగల సీజన్లో ఆ అదనపు గంటలే పిల్లాడి కాలేజీ ఖర్చుకు ఆసరా.

ఆరేళ్లకు అసిస్టెంట్ మేనేజర్ని చేస్తామన్నారు. ఏడాదికి 48,000 డాలర్ల జీతం. ఇక ఓవర్‌టైమ్ ఉండదు.

లెక్క వేసింది. వారానికి 923 డాలర్లు. నలభై తొమ్మిదిన్నర గంటలు దాటి పనిచేస్తే పాత గంట లెక్కే మేలు. ఆ కుర్చీలో అంతకుముందున్నతను వారానికి 55 గంటలకు తక్కువ ఎప్పుడూ చేయలేదు.

‘‘నేనెప్పుడైనా గంటలు లెక్కపెట్టానా?’’ అన్నాడు సాఫ్ట్‌వేర్ భర్త.

‘‘మీకిచ్చేదానికి లెక్కపెట్టక్కర్లేదు లెండి’’ అందావిడ.

తెనాలికి ఫోన్ చేస్తే తల్లి ఇంకో మాట అంది. ‘‘మీ తాతయ్య దగ్గర జీతగాడు ఉండేవాడు గుర్తుందా? ఏడాదికింతని ధాన్యం మాట్లాడుకునేవాళ్లు. కూలికొచ్చినవాళ్లు పొద్దుగూకగానే ఇంటికెళ్లేవాళ్లు. వాడు మాత్రం రాత్రి గొడ్లకు మేత వేసి, మళ్లీ కోడి కూయకముందే లేచేవాడు. చూసుకో తల్లీ.’’

నెల జీతం అంటే గౌరవం, కూలి అంటే నామోషీ అనుకుంటాం. మన భాషలోనే జీతగాడనే మాట ఉందన్న సంగతి మరిచిపోతాం.

అయితే గంట లెక్కలోనూ సుఖం లేదు. క్రిస్మస్ వెళ్లగానే జనవరిలో షిఫ్టులు కోసేస్తారు. 32 గంటలిస్తే చేతికొచ్చేది 544 డాలర్లే. జ్వరమొచ్చి పడుకుంటే ఆ రోజు సున్నా. సెలవుకు డబ్బివ్వాలని అక్కడి కేంద్ర చట్టం అడగదు. తండ్రి పోయినప్పుడు తెనాలి వచ్చిన 3 వారాలూ ఆవిడకు పైసా రాలేదు.

ఇంకో సంగతి కూడా కనుక్కుంది. మేనేజరని పేరు పెట్టినంత మాత్రాన ఓవర్‌టైమ్ ఎగ్గొట్టడానికి వీల్లేదు. జీతం వారానికి కనీసం 684 డాలర్లుండాలి, అజమాయిషీయే ముఖ్యమైన పనిగా ఉండాలి, కనీసం ఇద్దరు మనుషులు చేతికింద ఉండాలి. 2024లో ఆ జీతం హద్దు పెంచారు గానీ, అదే ఏడాది నవంబరులో టెక్సాస్ కోర్టు కొట్టేసింది.

మర్నాడు స్టోర్ మేనేజర్‌ దగ్గరకు కాగితం పట్టుకుని వెళ్లింది. తనకింద ఎంతమంది? వారానికెన్ని గంటలు? సెలవులెన్ని? అవి రాసిస్తారా? మనవాళ్లు ఉద్యోగమిస్తామంటే చాలు, ఇవన్నీ అడగడానికి మొహమాటపడతారు. ఆయన మాత్రం నొచ్చుకోలేదు. చేతికింద తొమ్మిదిమంది అన్నాడు. గంటల సంగతి మాత్రం రాసివ్వలేనన్నాడు. జీతం 50,000 చేశాడు. డబ్బుతో కూడిన సెలవు రెండు వారాలు కాగితం మీద పెట్టాడు.

అప్పటికి లెక్క 51 గంటలకు జరిగింది. సంతకం పెట్టింది.

ఇప్పుడు కార్డు గీకే పని లేదు. అయినా హ్యాండ్‌బ్యాగులో చిన్న పుస్తకం ఉంటుంది. రోజూ వచ్చిన టైమూ, వెళ్లిన టైమూ రాస్తుంది. థాంక్స్‌గివింగ్ వారం 58. జనవరి రెండో వారం 41. భర్త నవ్వుతాడు గానీ, ఈమధ్య తనూ ఓ పుస్తకం కొనుక్కున్నాడు.